ఇంటి గ్యాసు గొట్టం – భద్రతా నియమాల వెనుక కారణాలు

మన ఇళ్లలో పొయ్యి నాలుగు తరాల్లో నాలుగు రూపాలు మార్చుకున్నది. కట్టెల పొయ్యి పోయి బొగ్గుల కుంపటి వచ్చింది, కుంపటి పోయి కిరోసిన్ స్టవ్వు వచ్చింది, అదీ పోయి గ్యాసు సిలిండరు వచ్చింది. ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, కాకినాడ వంటి నగరాల్లో చాలా ఇళ్లకు సిలిండరుతో కూడా పని లేకుండా, మంచినీళ్ల కుళాయి మాదిరిగా గోడ వెంట వచ్చే సన్నని గొట్టంలో సహజవాయువు వంటింటికి చేరుతున్నది. బుక్ చేసే బాధ లేదు, మోసుకొచ్చే శ్రమ లేదు, చుట్టాలు వచ్చిన రోజునే అయిపోతుందన్న బెంగ లేదు. సౌకర్యం నిజమే. అయితే ఒక తేడా గమనించాలి. సిలిండరు ఎంత కారినా అందులో వున్న 14.2 కిలోల దగ్గర ఆగిపోతుంది. గొట్టానికి ఆ హద్దు లేదు. ఎవరైనా వాల్వు కట్టేసేదాకా వస్తూనే వుంటుంది.

అందుకే ఈ గొట్టం వేయటానికి నియమావళి వుంది. 2006 నాటి చట్టాన్ని అనుసరించి ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి, నగర గ్యాసు పంపిణీకి కావలసిన సాంకేతిక, భద్రతా ప్రమాణాలను 2008లో ప్రకటించింది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి తొమ్మిదవ భాగంలో గ్యాసు సరఫరాకు ప్రత్యేక విభాగమే వుంది. ఇవి చదివిన విద్యార్థికి "ఒక పొయ్యి వెలిగించుకోవటానికి ఇన్ని షరతులా?" అనిపించటం సహజం. కాని ఒక్కొక్క షరతుకూ కారణం వెతికితే చాలావాటి వెనుక ఒకే సూత్రం కనిపిస్తుంది. లీకు రాకుండా చూడటం సగం పని. వచ్చిన లీకు దాక్కోవటానికి చోటు లేకుండా చేయటం మిగతా సగం. ఈ రెండవ సగాన్నే మనం తరచుగా మరచిపోతున్నాం.

రెండు వాయువులు, రెండు స్వభావాలు

సిలిండరులో వుండేది ద్రవీకరించిన పెట్రోలియం వాయువు. ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఇది గాలికంటె సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారితే నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది, గుమ్మం దాటి పల్లానికి పోతుంది. గొట్టంలో వచ్చే సహజవాయువు ముఖ్యంగా మీథేన్. గాలి బరువులో సుమారు 0.55 వంతు మాత్రమే. కారితే పైకి లేచి కప్పు కింద చేరుతుంది.

ఈ ఒక్క తేడాతో వంటిల్లే మారిపోవాలి. సిలిండరు వున్న ఇంటికి నేల దగ్గర గాలి పోయే మార్గం కావాలి. గొట్టం గ్యాసు వున్న ఇంటికి కప్పు దగ్గర వెంటిలేటరు కావాలి. సిలిండరు నుంచి గొట్టానికి మారిన వాళ్లు పొయ్యి మార్చుకున్నంత శ్రద్ధగా ఈ సంగతి ఆలోచించరు. దోమలు వస్తున్నాయని పైనున్న వెంటిలేటరుకు అట్టముక్క కొట్టిన ఇళ్లు ఎన్ని లేవు!

పొయ్యి విషయంలోనూ ఒక మెలకువ వుంది. ఒక ఘనపు మీటరు సిలిండరు గ్యాసు ఇచ్చే వేడి, అంతే పరిమాణం గల సహజవాయువు ఇచ్చేదానికి సుమారు రెండున్నర రెట్లు. అందువల్ల సహజవాయువుకు జెట్ రంధ్రం పెద్దదిగా వుండాలి. పెద్ద రంధ్రం గల జెట్ పెట్టిన పొయ్యిని ఊరికి తీసుకుపోయి సిలిండరుకు తగిలిస్తే మంట అతిగా లేస్తుంది, పచ్చబారుతుంది, గిన్నెలు మసిబారుతాయి. దానితోపాటు విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. జెట్ మార్చటం తెలిసినవాడు చేయవలసిన పనే గాని, పక్కింటి అబ్బాయి స్క్రూడ్రైవరుతో చేసే పని కాదు.

ఒక చిన్న లెక్క

మీథేన్ గాలిలో 5 శాతం కంటె తక్కువగా వుంటే అంటుకోదు. 15 శాతం దాటితే కూడా అంటుకోదు. ఈ రెండింటి మధ్య వున్నప్పుడే నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. సిలిండరు గ్యాసుకు ఈ హద్దులు సుమారుగా 2 నుంచి 9 శాతం.

ఇప్పుడొక మామూలు వంటిల్లు తీసుకుందాం. 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. మొత్తం 22.5 ఘనపు మీటర్ల గాలి. దీనిలో 5 శాతం అంటే సుమారు 1.1 ఘనపు మీటర్ల మీథేన్. 2 కిలోవాట్ల బర్నరు గంటకు దాదాపు 0.2 ఘనపు మీటర్ల గ్యాసు వాడుతుంది. కనుక మంట ఆరిపోయి నాబ్ తెరిచివున్నా, కిటికీలన్నీ మూసివున్నా, గది అంతా ప్రమాదస్థాయికి రావటానికి అయిదారు గంటలు పట్టాలి. "ఫరవాలేదే!" అనిపిస్తుంది కదూ?

కాని గ్యాసు గది అంతా సమంగా కలుస్తుందని ఎవరు చెప్పారు? అది పైకి పోయి కప్పు కింద చేరుతుంది. పై అర మీటరు పొరను మాత్రమే తీసుకుంటే దాని పరిమాణం 3.75 ఘనపు మీటర్లు. దానిలో 5 శాతానికి 0.19 ఘనపు మీటర్లు చాలు. అంటే అదే బర్నరుతో సుమారు ఒక గంట. రబ్బరు గొట్టమే ఊడిపోయిందనుకోండి. ఇళ్లలో పెట్టే చిన్న మీటరు గరిష్ఠ ప్రవాహం గంటకు 2.5 ఘనపు మీటర్లు. ఆ లెక్కన పై పొరకు అయిదు నిమిషాలు కూడా అక్కరలేదు. ట్యూబులైటు, ఫ్యాను, ఎగ్జాస్టు ఫ్యాను వుండేది సరిగ్గా ఆ పొరలోనే.

పై వెంటిలేటరు ఒక్కటి తెరిచివుంటే ఈ లెక్క చాలావరకు తారుమారవుతుంది. కొన్ని అంగుళాల రంధ్రానికి నియమావళి ఇచ్చే విలువ అందుకే.

నియమాలు ఎలా పుట్టాయి?

భద్రతా నియమాలు కార్యాలయంలో కుర్చీలో కూర్చున్నవారి ఊహలోంచి పుట్టినవి కావు. ప్రతి నియమం వెనుక ఎక్కడో కొందరి ప్రాణాలు వున్నాయి.

1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి పాఠశాల పేలిపోయింది. సుమారు 300 మంది విద్యార్థులు, ఉపాధ్యాయులు మరణించారు. ఖర్చు కలిసివస్తుందని బడివారు దగ్గరలోని చమురు క్షేత్రపు మిగులు వాయువు గొట్టానికి తమ గొట్టాన్ని కలుపుకున్నారు. సహజవాయువుకు స్వతహాగా వాసన లేదు. లీకైన గ్యాసు నేల పలకల కింద ఖాళీలో నిండింది. పైన క్లాసులు జరుగుతూనే వున్నాయి. పనిముట్ల గదిలో ఒక విద్యుత్ యంత్రం స్విచ్చు వేయగానే అంతా అయిపోయింది. ఆ తర్వాతే గ్యాసుకు మెర్కాప్టాన్ అనే దుర్వాసన పదార్థాన్ని కలపాలన్న చట్టం టెక్సాస్‌లో వచ్చింది, ఇతర చోట్లకూ వ్యాపించింది. పేలే కనీసస్థాయిలో అయిదవ వంతు చేరేసరికే, అంటే గాలిలో సుమారు ఒక శాతం వుండగానే, మామూలు మనిషి ముక్కుకు తెలియాలన్నది వాసనకు పెట్టిన కొలత. మన విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటుంది. ఇంజనీరుగా పనిచేయాలంటే నమోదు తప్పనిసరి అన్న చట్టాన్ని టెక్సాస్ చేసింది కూడా ఆ సంవత్సరమే.

1968 మే 16న తెల్లవారుజామున లండన్ నగరంలోని రోనాన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తులో ఒకామె టీ పెట్టుకోవటానికి అగ్గిపుల్ల గీసింది. రాత్రంతా కారిన గ్యాసు పేలింది. ఆమె బతికింది గాని, బరువు మోసే గోడపలకలు బయటికి తోసుకుపోవటంతో భవనపు ఒక మూల పైనుంచి కిందిదాకా కూలిపోయింది. నలుగురు మరణించారు. విచారణలో తేలిన కారణం ఏమిటంటే, పొయ్యిని గ్యాసు గొట్టానికి కలిపే చోట నాసిరకం ఇత్తడి నట్టు ఒకటి పగిలింది! అరచేతిలో ఇమిడే నట్టు భవనపు మూలను కూల్చింది. ఒక భాగం పోయినంతమాత్రాన భవనం వరసగా కూలకూడదన్న సూత్రం బ్రిటన్ నిర్మాణ నిబంధనలలోకి వచ్చింది దీని తర్వాతే. సివిల్ విద్యార్థులు చదివే పాఠానికి మూలం మెకానికల్ వారి నట్టులో వుందన్నమాట.

మన దగ్గర 2014 జూన్ 27న, అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం అనే గ్రామం వద్ద గెయిల్ సంస్థ గొట్టం లీకై మంటలు చెలరేగాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొబ్బరి తోటలతో సహా ఊరి భాగం మాడిపోయింది. అది ఇంటి గొట్టం కాదు, దూరప్రాంతాలకు గ్యాసు తీసుకుపోయే పెద్ద గొట్టం. అయినా పాఠం ఒకటే. గొట్టాన్ని లోపలినుంచి తుప్పు తినేసింది, పైకి కనిపించలేదు. తెల్లవారుజామున పరుచుకున్న వాయువుకు నిప్పు దొరికేదాకా దాని సంగతి ఊరికి తెలియలేదు.

మూడు దేశకాలాలు వేరు, మూడు గొట్టాలు వేరు. మూడింటిలోనూ గ్యాసు మనిషి దృష్టికి రాకుండా దాగటం మాత్రం సమానం.

వీధి నుంచి పొయ్యి దాకా

వీధిలో భూమి కింద వచ్చేది పసుపుపచ్చని పాలిథిలిన్ గొట్టం. దానిలో పీడనం సాధారణంగా 4 బార్ల వరకు వుంటుంది. భవనం దగ్గర ఒక రెగ్యులేటరు దాన్ని సుమారు 100 మిల్లీబార్లకు తగ్గిస్తుంది. అక్కడినుంచి గాల్వనైజ్ చేసిన మందపాటి ఇనుప గొట్టం గోడ బయటినుంచి పై అంతస్తులకు ఎక్కుతుంది. మీటరు దగ్గర రెండవ రెగ్యులేటరు పీడనాన్ని 21 మిల్లీబార్లకు దించుతుంది. అంటే నీటి మట్టంలో చెప్పాలంటే 214 మిల్లీమీటర్లు, జానెడు నీళ్ల ఎత్తు. వంటింట్లోకి వచ్చే ఒత్తిడి ఇంతే.

పాలిథిలిన్ గొట్టం భూమిలోనే ఎందుకు, బయట ఎందుకు కాదు? ఎండకు అది పెళుసెక్కుతుంది, నిప్పుకు కరుగుతుంది. ఇనుము భూమిలో ఎందుకు కాదు? తేమకు తుప్పుపడుతుంది. ప్రతి పదార్థాన్నీ దాని శత్రువుకు దూరంగా వుంచటమే ఈ అమరిక.

"గోడలో పెట్టెయ్యి బాబూ!"

కొత్త ఇంట్లో ఫిట్టరు గొట్టం బిగిస్తుంటే తరచుగా వినిపించే సంభాషణ ఇది.

"ఇంత ఖర్చు పెట్టి టైల్సు వేయించాం, వాటి మీద ఈ గొట్టమేమిటి బాబూ? గోడలో పెట్టెయ్యి, పైన సిమెంటు పూసేస్తాం."

"కుదరదమ్మా, రూల్సు ఒప్పుకోవు."

"పోనీ, నువ్వు పోయాక మా మేస్త్రీ చేత పెట్టెలో మూయించేస్తాంలే!"

ఇక్కడ ఫిట్టరు చెప్పవలసిన మాట "రూల్సు ఒప్పుకోవు" అన్నది కాదు, ఎందుకు ఒప్పుకోవో చెప్పాలి. గోడలో సిమెంటు తేమ గొట్టాన్ని తింటుంది. మేకు కొట్టేవాడికి, డ్రిల్లు పెట్టేవాడికి గొట్టం ఎక్కడుందో తెలియదు. జాయింటు కారితే ఆ గ్యాసు ఇటుకల సందుల్లోంచి పోయి పక్క గదిలో, కొన్నిసార్లు పక్క ఇంట్లో తేలుతుంది. బయట కనిపించే గొట్టంలో లీకు కంటికి, ముక్కుకు, సబ్బునీళ్లకు దొరుకుతుంది.

గొట్టం గోడను దాటవలసిన చోట ఇంకొక పెద్ద గొట్టం తొడుగుగా వేస్తారు. గోడ కుంగినా గ్యాసు గొట్టం మీద బరువు పడకుండా, ఆ చోట లీకు వస్తే గోడ గర్భంలోకి కాక తొడుగు వెంట బయటికి పోయేటట్టు.

ఈ నియమాలు గొట్టం వేసిన రోజున చాలావరకు పాటిస్తారు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. వడ్రంగి వచ్చి మీటరు చుట్టూ అలమర కట్టి తలుపులు బిగిస్తాడు. వాల్వు అందాలంటే పప్పుడబ్బాలు తీయాలి. అలంకారం కోసం కప్పు కింద ఇంకొక కప్పు వేస్తారు. శ్లాబుకూ దానికీ మధ్య సందు మీథేన్‌కు కట్టించి ఇచ్చిన గదిలాంటిది. వరండాకు అద్దాలు బిగించి వంటిల్లు పెంచుతారు. అప్పటిదాకా ఆరుబయట వున్న గొట్టం ఇప్పుడు గది లోపలిది అవుతుంది. కొందరు ఇనుప గొట్టమే కదా అని ఫ్రిజ్ ఎర్త్ తీగను దానికి చుట్టేస్తారు. గ్యాసు గొట్టంలో విద్యుత్తు ప్రవహించే అవకాశం ఇవ్వటం ఎంతటి అనర్థమో ఎలక్ట్రికల్ విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. వీటిలో ఏదీ గ్యాసు కంపెనీవారు చేసిన పని కాదు. ఇల్లు మారినప్పుడల్లా గొట్టాన్ని మళ్లీ తనిఖీ చేయించాలన్న ఆలోచన మనకు లేకపోవటమే లోపం.

పరీక్షలో మోసపోవద్దు

గొట్టం బిగించాక గాలి నింపి, పీడనం నిలుస్తుందో లేదో చూస్తారు. లాబరేటరీలో మనమంతా చూసిన యు ఆకారపు నీటి మానోమీటరు ఈ పనికి చాలా నమ్మకమైన పరికరం. పీడనం తగ్గితే లీకు వున్నట్టు. ఇంత సులువైన పరీక్షలో కూడా మోసం వుంది.

మూసివున్న గొట్టంలో గాలి పీడనం ఉష్ణోగ్రతను బట్టి మారుతుందని ఇంటర్మీడియట్‌లోనే చదివాం. వాతావరణ పీడనం 1013, గొట్టంలో అదనంగా 21, మొత్తం 1034 మిల్లీబార్లు. 30 డిగ్రీల సెల్సియస్ అంటే 303 కెల్విన్. ఒక్క డిగ్రీ వేడెక్కితే పెరిగే పీడనం 1034ను 303తో భాగిస్తే వచ్చే 3.4 మిల్లీబార్లు. నీటి మట్టంలో అది 35 మిల్లీమీటర్లు!

దీని అర్థం ఆలోచించండి. ఉదయం పది గంటలకు నీడలో వున్న గొట్టం మీద పరీక్ష మొదలుపెట్టారు. పదిన్నరకు ఎండ గోడ మీదికి వచ్చింది. లీకు వల్ల 20 మిల్లీమీటర్లు పడిపోయింది, ఒక్క డిగ్రీ వేడివల్ల 35 పెరిగింది. పరీక్షకుడికి కనిపించేది 15 మిల్లీమీటర్ల పెరుగుదల. "నష్టం లేదు" అని రాసి సంతకం పెట్టి వెళ్లిపోతాడు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం అతనికి లేదు. సూర్యుడు లీకును దాచాడు, అంతే. అందుకే గాలి నింపాక ఉష్ణోగ్రత కుదురుకునేదాకా ఆగాలి, ఎండ మారని వేళ చూడాలి, ఆపైన ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు రాయాలి. అగ్గిపుల్లతో లీకు వెతకటం మాత్రం ఎన్నడూ చేయరాదు.

వాసన కూడా పూర్తి హామీ కాదు. కొత్త ఇనుప గొట్టం గోడలు మొదట్లో మెర్కాప్టాన్‌ను పీల్చుకుంటాయి. భూమిలో కారిన గ్యాసు మట్టిలోంచి వచ్చేసరికి వాసన తగ్గవచ్చు. పైగా ఒకే వాసనలో కాసేపు వుంటే ముక్కు దాన్ని గుర్తించటం మానేస్తుంది. ముక్కు మంచి కాపలాదారే గాని, ఒక్కడే కాపలాదారు కాకూడదు.

స్నానాలగది గీజరు

వాసనే లేని ప్రమాదం ఇంకొకటి వుంది. ఒక ఘనపు మీటరు మీథేన్ పూర్తిగా మండటానికి సుమారు 9.5 ఘనపు మీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడిచేసే గ్యాసు గీజరు గంటకు సుమారు 1.2 ఘనపు మీటర్ల గ్యాసు కాలుస్తుంది. దానికి 11 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. మన చిన్న స్నానాలగదిలో మొత్తం వుండేదే 8 ఘనపు మీటర్లు! తలుపు, కిటికీ మూసుకుని స్నానం చేస్తుంటే గాలిలో ప్రాణవాయువు తగ్గుతూ వస్తుంది, మంట చెడిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, ఆపైన స్పృహ తప్పటం. మన దేశంలో చలికాలం పత్రికల్లో ఇటువంటి మరణవార్తలు పదేపదే వస్తున్నాయి. గ్యాసు గీజరును స్నానాలగది బయట, గాలి ఆడే చోట, పొగ బయటికి పోయే గొట్టంతో బిగించాలి. ఇందులో మినహాయింపు లేదు.

వాసన వస్తే

పొయ్యి నాబ్‌లు, తర్వాత మీటరు దగ్గరి వాల్వు కట్టేయాలి. తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. ఏ స్విచ్చూ వేయకూడదు, వేసివున్నది తీయకూడదు. రెండింటిలోనూ నిప్పురవ్వ పుడుతుంది. అందరూ బయటికి వచ్చి, దూరంగా వెళ్లాకే ఫోను చేయాలి. గొట్టం గ్యాసుకైతే కంపెనీ అత్యవసర నంబరు బిల్లు మీద వుంటుంది, దాన్ని మీటరు దగ్గర రాసిపెట్టుకోవటం మంచిది. సిలిండరు గ్యాసుకు దేశమంతటా 1906. కారే గ్యాసు మండుతూ వుంటే మొదట వాల్వు కట్టేయాలి. గ్యాసు ఆగకుండా మంట మాత్రం ఆర్పితే, మండని గ్యాసు గదిలో నిండి పేలుడుకు సిద్ధమవుతుంది. పొయ్యికి కలిపే రబ్బరు గొట్టం ఐ.ఎస్.ఐ. గుర్తు వున్నదై వుండాలి, అయిదేళ్లకొకసారి మార్చాలి. బాగానే కనిపిస్తోంది కదా అనుకోరాదు.

ముగింపు

ఈ కళాశాల నుంచి వెళ్లే మన మిత్రుల్లో కొందరు రేపు గొట్టాల డిజైను చేస్తారు, కొందరు భవనాల ప్లానులు గీస్తారు, మరికొందరు పరీక్షాపత్రాల మీద సంతకాలు పెడతారు. అందరికంటె ఎక్కువ బాధ్యత ఆ సంతకం పెట్టేవారిది. ఇంటివారికి మానోమీటరు తెలియదు, మిల్లీబార్లు తెలియవు. వాళ్లు ఆ కాగితాన్ని నమ్మి అగ్గిపుల్ల గీస్తారు.

కనుక నియమావళిలో ఒక షరతు వృథా అనిపించినప్పుడు, "దీన్ని తీసేస్తే గ్యాసు ఎక్కడ దాక్కుంటుంది?" అని ఒక్క ప్రశ్న వేసుకోండి. జవాబు దొరికితే ఆ షరతు ఎందుకుందో తెలిసినట్టే. ఇంజనీరు కాని వారు కూడా ఈ సంచిక మూసి ఇంటికి వెళ్లాక రెండు సంగతులు చూడవచ్చు. వంటింటి పై వెంటిలేటరు తెరిచివుందా? గ్యాసు వాల్వు చీకట్లో కూడా చేతికి అందేటట్టు వుందా? లేకపోతే ఆదివారం దాకా ఆగకుండా ఆ పని చూడండి.